సమాధి మీద పనసపండు

ఉద్దానంలో ఒక జీడితోట, పొద్దున్న పది గంటల వేళ. తోట మధ్య మోటారు షెడ్డులో అప్ప తులసి, తమ్ముడు త్రినాథ్. రేకు తలుపుకి లోపలినుంచి గడియ వేసి ఉంది.

"తినీసిందేటి?"

"ఇష్, మెల్లగ. ఇంకా తింటన్నాది."

"అంత పండూ తినేస్తాదేటి?"

"తొనలైపోనాయి. ఇప్పుడు తొక్క నాకతన్నాది. నువ్వు కిటికీ కాడికి రాకప్పా. అక్కడే కూకో."

"కూకోలేను. కూకుంటే మరి లెగలేనేమో. ఎంత పెద్దదిరా?"

"పెద్దదే."

"ఎంతో సెప్పరా."

"నాన సమాధి మీద ముందు కాళ్ళు రెండూ ఎట్టి నిలబడ్డాది. పొద్దున్న మనం రాసిన పసుపంతా దాని కాళ్ళకే ఉన్నాది. సాలా?"

"ఓలమ్మో! నా తప్పే ఇది. నా తప్పేరా."

"ఇప్పుడెందుకది."

"నాన ఈ తోటలో పనసపండు కొయ్యనిచ్చీవోడా? సెట్టునుంచి దింపి, గోనెలో మూటగట్టి ఇంటికి మోసీవోడు. పెరట్లో కోసి, తొక్కలు గొయ్యి తీసి పాతీవోడు. వాసన తగిల్తే ఎలుగుబంటి వస్తాదని. సిన్నప్పటినుంచీ సూసిందాన్ని. అరసవల్లి కాపరానికి పోయి పదేళ్ళకే అన్నీ మర్సిపోనాను. ఏడాది తిరిగింది కదా, నాన ఇష్టంగా తినీ పండు సమాధి కాడే కోసి ఎడదాం అన్నాను. నేనంటే మర్సిపోనాను. నువ్వు రోజూ ఈ తోటలోనే తిరుగుతావు, వద్దనలేకపోయావేటి?"

"అందామనుకున్నాను."

"మరి?"

"ఏడాది తర్వాత నువ్వు నాతోటి మాటాడింది ఇయ్యాలే. 'త్రినాథూ, కత్తి తే' అన్నావు. తెచ్చీసాను."

"సచ్చు ఎదవా."

"అవును."

"ఏడిపించకు. అమ్మకి మళ్ళీ ఫోను సెయ్యి."

"నా ఫోనుకి ఇక్కడ సిగ్నలు లేదు. నీదాంతోటే సెయ్యాల."

"మోగుతన్నాది. మోగుతన్నాది... ఎత్తట్లేదు. ఇంట్లో చార్జింగుకెట్టి ఒగ్గీసినట్టుంది. ఎర్రన్న మావ ఏటన్నాడు, సరిగ్గ సెప్పు."

"అమ్మ నెత్తిన కుండెట్టుకుని ఇటు రాడానికి ఇల్లు దాటిందట. మావ బండేసుకుని రోడ్డంతా ఎతికాడట, ఎక్కడా లేదు. అంటే అడ్డదారిన పడింది. మావ ఊళ్ళో జనాన్ని పోగేసి, డప్పులూ డబ్బాలూ పట్టుకుని వస్తానన్నాడు. అరగంట పడతాదన్నాడు."

"అమ్మకి అరగంట పట్టదు."

"పట్టదు. పది నిమిషాలు."

"ఫారెస్టోళ్ళు?"

"మందస వైపు ఇంకో ఎలుగు కాడ ఉన్నారట. తలుపు మాత్రం తియ్యకండి అన్నారు."

"తోటకి ఒక్కత్తీ రావొద్దని, నలుగురూ కలిసి కేకలేసుకుంటా రావాలని ఊరందరికీ సెప్పీది అమ్మే. ఇయ్యాల ఒక్కత్తీ బయల్దేరిందేటి?"

"పెద్దలకి ఎట్టీ కుండ కదా అప్పా. మనింట్లో ఆ కుండ నెత్తినెట్టుకున్నాక నోరిప్పకూడదు, ఎనక్కి తిరిగి సూడకూడదు. కేక ఎలగ ఏస్తాది? సప్పుడు లేకండా వస్తాది. సరిగ్గ దాని ఎదరకే వస్తాది."

"అయితే మనమే అరుద్దాం. ఇద్దరం కలిసి అరిస్తే ఇనబడతాదేమో."

"అరిస్తే అది ఇటొస్తాది."

"రానీరా. అమ్మకంటే ఎక్కువేటి? అమ్మా! అమ్మో! రావొద్దే!"

"అమ్మా! ఎనక్కి పోవే! ఎలుగున్నాది!"

"అమ్మా! అమ్మా!"

"ఆపప్పా. ఆపు. తలెత్తింది."

"ఇటు సూస్తన్నాదా?"

"కిటికీ ఒగ్గీసి ఈ మూలకొచ్చీ. మోటారు ఎనక్కి. బేగి రా."

"వస్తన్నాదేటి?"

"మాటాడకు."

"త్రినాథూ..."

"నా సెయ్యి పట్టుకో. మాటాడకు."

"తలుపు కాడే ఉన్నాది. ఊపిరి ఇనబడతన్నాది రా. ఏటా వాసన... ఓలమ్మో, గోళ్ళు. గోళ్ళతోటి గీకతన్నాది."

"రేకు తలుపే. ఆగుతాది."

"ఆగుతాదా?"

"తెలీదు."

"దేవుడా, సూర్యనారాయణమూర్తీ, పిల్లలిద్దరూ ఇంటికాడున్నారు, నా పిల్లలు..."

"ఇష్."

"..."

"..."

"పోయింది."

"నిజమేనా? నన్ను మభ్యెట్టకు."

"నిజమే. మళ్ళీ పండు కాడికే పోయింది. జనం సప్పుడికి అలవాటు పడిపోయిన ఎలుగిది, ఒట్టి కేకలకి బెదరదు. సెయ్యి ఒగ్గప్పా, నీ గోళ్ళు దిగిపోతన్నాయి."

"గాలి సముద్రం వైపునుంచి కొడతన్నాది. మన కేకలు అమ్మకి ఇనబడవు."

"ఇనబడవు."

"మరేటి సేద్దాం?"

"కిటికీలోంచి అడ్డదారి కనబడతాది. అమ్మ కనబడీదాకా సూడ్డమే."

"నాకు భయంగా ఉన్నాదిరా. ఏదన్నా మాటాడు, ఊరకుంటే పిచ్చెక్కిపోతాది."

"ఏటి మాటాడను?"

"నాన గురించి మాటాడు. ఇయ్యాల నాన రోజు కదా. మాజీ సైనికుల సంఘం సభలో ఆ కేప్టెన్ గారు ఎంత బాగా సెప్పారు! హవల్దార్ కూర్మయ్య గారు ఇరవై నాలుగేళ్ళు దేశసేవ సేసారు, కాశ్మీరులో సేసారు, సిక్కింలో సేసారు, మంచులో రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నారని. ఇంట్లో మనకి ఒక్క ముక్క సెప్పీవోడేటి?"

"ఉత్తరాల్లో రాసీవోడు కదా."

"ఏటి రాసీవోడు! 'ఈ రోజు పప్పు.' తర్వాత ఉత్తరంలో 'ఈ రోజు కూడా పప్పు. మీ అమ్మ సేసినట్టు లేదు.' అంతే. తుపాకీ మాట లేదు, మంచు మాట లేదు. అమ్మ పోస్టుమేన్‌ని నిలబెట్టీసీది, 'ఇంకో కాగితం ఉండాల, సంచీలో సరిగ్గ సూడు బాబూ' అని."

"అమ్మకి ఇప్పుడికీ ఆ అనుమానం ఉన్నాది. రెండో కాగితం ఆ పోస్టుమేనే పారీసాడంటాది."

"సెలవకొస్తే నాకు జడలేసీవోడు, గుర్తుందా? నువ్వు సిన్నోడివి. 'పదినెల్లు నేను లేను, ఈ రెండు నెల్లూ పిల్ల జడ నాదే' అని అమ్మ సేతిలోంచి దువ్వెన లాక్కునీవోడు. బూటులేసు బిగించినట్టు బిగించీవోడు. బడికి పోతే నాకు రెప్పలు మూతపడీవి కాదు. టీచరు గారు 'ఏటే తులసీ, అలగ గుడ్లు మిటకరిస్తన్నావు' అనీవోరు."

"నన్ను పలాస స్టేషన్లోనే కొలిసీవోడు. రైలు దిగగానే ట్రంకు పెట్టె కిందెట్టి, నన్ను దాని పక్కన నిలబెట్టి, 'పోయినసారి తాళం దాకా ఉన్నావు, ఇప్పుడు మూత దాటిపోనావు' అనీవోడు. జనమంతా సూసీవోరు. నాకు సిగ్గేసీది."

"రిటైరై వచ్చీసాక?"

"వచ్చీసాక పొద్దున్న నాలుగున్నరకే లెగిసీవోడు. గెడ్డం గీసుకోకండా తోటకి రాడు. 'ఎవులు సూస్తారు నానా, జీడిసెట్లు సూస్తాయా' అంటే 'నేను సూసుకుంటాను' అనీవోడు. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూకునీవోడు, అమ్మని పడుకోమనీవోడు. 'డ్యూటీ నాది' అనీవోడు."

"పన్ను పీకించుకోడానికి పలాస తీసుకెళ్ళాను, అది నీకు సెప్పానా?"

"లేదు."

"అంత మనిషీ సూది సూసి, కుర్సీలోంచి లెగిసి రోడ్డు మీదకి ఒకటే పరుగు! మెడలో ఆ గుడ్డ అలాగే ఉన్నాది. నేను ఎనక పరిగెట్టి బస్టాండు కాడ పట్టుకున్నాను. 'అమ్మకి సెప్పకే తల్లీ' అని దండం ఎట్టాడు. డాక్టరు నవ్వలేక సచ్చిపోయాడు."

"నవ్వకప్పా, ఇనబడతాది."

"నవ్వకపోతే ఏడుస్తానురా. సూదికి అంత భయపడినోడు ఎలుగుకి భయపడలేదు సూడు. ఒట్టి సేతుల్తోటి కలియబడ్డాడు. సమాధి రాయి మీద అదే కదా రాయించాం, 'వన్యమృగంతో పోరాడి వీరమరణం పొందిన' అని. అదేటి, తలొంచుకున్నావు?"

"ఏటీ లేదు."

"ఏడాదినుంచీ ఒక్క మాట అడగాలనున్నాది. అడిగితే నిన్ను కొట్టీస్తానేమోనని అడగలేదు. ఆ రోజు నానని ఈ తోటలో ఒగ్గీసి ఎలగ వచ్చీసావురా? నాన అరుపులు ఇనబడలేదా?"

"ఇనబడ్డాయి."

"ఇనబడినా పరిగెత్తీసావు."

"ఊ."

"ఊ అంటావేటి? ఒంటి మీద గీత పడకండా ఇంటికొచ్చావు. నాన గోనెలో వచ్చాడు. గజపతినగరం సంబంధం అందుకే కదా ఇరిగిపోయింది? తండ్రిని ఎలుగుకొగ్గీసి వచ్చినోడికి మా పిల్లనెలగ ఇస్తామన్నారు. మా ఆయన ముందు నేను తలెత్తుకోలేకపోనాను. నా పిల్లల్ని నీ దగ్గరికి పంపలేదు. టీకొట్టు కాడ నీ ముందే 'పిరికోడు' అంటారట. ఒక్కడికీ ఎదురు సెప్పవట!"

"సెప్పను."

"సిగ్గు లేదేటి?"

"అప్పా, అడ్డదారి వైపు సూస్తన్నావా? నేను ఎలుగుని సూస్తన్నాను. నువ్వు దారి సూడు."

"సూస్తన్నాను. మాట మార్చకు. ఇప్పుడు అమ్మ వస్తాది. ఇప్పుడు కూడా తలుపేసుకుని కూకుంటావా?"

"లేదు. అమ్మ కనబడగానే నేను పోతాను."

"నువ్వా?"

"ఈ నూని డబ్బా పట్టుకుపోతాను. దాని ముందు నిలబడి వాయిస్తాను. కదలకండా నిలబడాల. పరిగెత్తకూడదు. పరిగెత్తినోడి ఎంటే పడతాది. నాన నేర్పినదే."

"ఇద్దరికీ నేర్పాడు. 'గుండె పగిలిపోయినా సరే, పరిగెత్తొద్దు' అని పదిసార్లు సెప్పాడు. అది తెలిసీ ఆ రోజెందుకు పరిగెత్తావురా?"

"పరిగెత్తలేదు."

"ఏటి?"

"నేను పరిగెత్తలేదప్పా."

"మరెవులు పరిగెత్తారు?"

"నాన."

"నోర్ముయ్."

"ఏడాదినుంచీ మూసే ఉంచాను."

"అబద్ధం. సచ్చిపోయినోడి మీద, సమాధి ఎదురుగుండా, ఇంత అబద్ధం ఆడతావా?"

"అమ్మ మీద ఒట్టు. అమ్మ ఇప్పుడు ఆ దారిన వస్తన్నాది, అమ్మ మీద ఒట్టేసి అబద్ధం ఆడతానేటి? ఆ రోజు ఎలుగు పనససెట్టు ఎనకనుంచి వచ్చింది. నాకూ దానికీ ఈ గోడకీ ఆ గోడకీ ఉన్నంత దూరం. నాన నూతి కాడ ఉన్నాడు, బాగా ఎడంగా. నాకు కాళ్ళు రాలేదు. ధైర్యం కాదే అప్పా, భయమే. ఒంట్లో ఎముకల్లేనట్టు అయిపోయింది. నోట్లోంచి మాట రాలేదు. అది రెండు కాళ్ళ మీద లెగిసింది. అప్పుడు నాన అరుసుకుంటా పరిగెత్తాడు. సేతిలో కత్తి కూడా పారీసి పరిగెత్తాడు. ఆ రెండు వేళ్ళు లేని కాలితోటి ఎంత దూరం పోతాడు? అది నాన ఎంట పడ్డాది. నాకు కాళ్ళొచ్చి, నేను పోయేసరికి..."

"ఇంక సెప్పకు."

"సెప్పను."

"మరి ఊళ్ళో అందరికీ..."

"ఎర్రన్న మావ ముందొచ్చాడు. 'మీ నాన నిన్ను కాపాడ్డానికి కలియబడ్డాడేట్రా' అన్నాడు. అవునన్నాను. 'నువ్వు పారిపోనావా' అన్నాడు. అవునన్నాను. మరేటి సెప్పమంటావు? ఇరవై నాలుగేళ్ళు మిలట్రీలో సేసినోడు, పరిగెత్తొద్దని ఊరందరికీ పాఠం సెప్పినోడు, కొడుకుని ఒగ్గీసి పరిగెత్తి సచ్చిపోయాడని సెప్పమంటావా? సంఘంవోళ్ళు వరసలో నిలబడి సెల్యూట్ కొడితే అమ్మ ఏడుపాపి సూసింది. ఆ సెల్యూట్ తోటే ఏడాదిగా అమ్మ బతుకుతన్నాది. పిరికోడన్న మాట ఇద్దర్లో ఒకలికి తప్పదు. నేను తీసుకున్నాను."

"నాకైనా సెప్పలేకపోయావేట్రా?"

"నువ్వు రాయి మీద వీరమరణం అని రాయించావు. ఎలగ సెప్పను?"

"నాన మీద కోపం రాలేదేటి నీకు?"

"వచ్చింది. రోజూ వస్తాది. ఇందాక పండు కోసినప్పుడు కూడా ఉన్నాది. నా కళ్ళ ముందే పోయాడే! జ్వరమొస్తే రాత్రంతా కూకున్నోడు, ఆ రోజు నాకేసి ఒక్కసారి సూడలేదు."

"ఒరే తమ్ముడూ, నిన్ను ఎన్ని మాటలన్నాను..."

"అప్పా."

"ఏడాది పాటు నిన్ను..."

"అప్పా, అమ్మ."

"ఎక్కడ?"

"అదిగో. జీడిసెట్ల మధ్య. నెత్తిన కుండ. తల దించుకుని వస్తన్నాది."

"ఓలమ్మో! అమ్మా! ఆగు! ఎలుగే! ఎనక్కి పో!"

"ఇన్నాది. ఆగింది. సూసింది."

"ఎలుగు?"

"అదీ సూసింది. సమాధి దిగింది. అమ్మ వైపు తిరిగింది."

"కుండలో పరమాన్నం ఉన్నాదిరా! బెల్లం వాసన!"

"గడియ తియ్యి. డబ్బా ఇలాగియ్యి. నేను బయటికి పోగానే మళ్ళీ ఏసీ."

"నాకు భయమేస్తందిరా త్రినాథూ..."

"నాకూ అంతే. తియ్యి."

"పరిగెత్తకు. ఒట్టెయ్యి. నిలబడి వాయించు, పరిగెత్తకు!"

"పరిగెత్తను. తియ్యి బేగి!"

"దేవుడా..."

"హేయ్! హేయ్! ఇటు! ఇటు సూడు! హేయ్!"

"ఇంకా గట్టిగా కొట్టరా! సూడట్లేదు! అమ్మ వైపే పోతన్నాది!"

"హేయ్! ఇటూ! అప్పా, డబ్బాకి తిరగట్లేదే! రాయి తగిలినా తిరగట్లేదు!"

"అమ్మా! కుండ పారీ! కుండ పారీసి ఎనక్కి జరుగే! కదులే అమ్మా!"

"తులసీ... నా కాళ్ళు రావట్లేదే తల్లీ..."

"ఒరే, రెండు కాళ్ళ మీద లెగిసిందిరా! అమ్మ ముందే! అమ్మ అలాగే నిలబడిపోయిందిరా, కదలట్లేదు, ఏదన్నా సెయ్యరా! అదేటి, డబ్బా పారీసావేటి? ఒరే! ఒరే త్రినాథూ, పరిగెత్తకురా! ఒట్టేసావు కదరా! ఎందుకలగ అరుసుకుంటా పరిగెత్తతన్నావు, అది నీ ఎంట పడతాది! తిరిగింది... అమ్మనొగ్గీసి తిరిగిందిరా, నీ ఎనకే వస్తన్నాది! డప్పులు ఇనబడతన్నాయి, రోడ్డు వైపు పో, రోడ్డు వైపు!"

"అమ్మని లోపలికి లాక్కో! అప్పా... అప్పా, నాన పారిపోలేదే! నాన పారిపోలేదే!"